మల్లన్న తువ్వాల

ఉస్మాన్‌గంజ్‌లో వైకుంఠం మిర్చి, ధనియాల టోకు దుకాణం పొద్దున తొమ్మిదిన్నరకు తెరుచుకుంటుంది. షట్టరు ఎత్తడం, గడప ముందు నీళ్లు చల్లడం, లక్ష్మీదేవి పటానికి రెండు అగరొత్తులు వెలిగించడం, ఆ తరవాత గోడ మేకుకు వేలాడే ఎర్రగళ్ల తువ్వాలను దించి ఒకసారి దులపడం. ముప్ఫైయెనిమిదేళ్లుగా ఈ వరస మారలేదు. తువ్వాల దులపడం ఒక్కటే ఆరేళ్ల కింద కొత్తగా చేరింది. అంతకు ముందు ఆ తువ్వాల మల్లన్న భుజం మీద ఉండేది.

మల్లన్న దళారి. మిర్చి అమ్మేవాడి చెయ్యీ కొనేవాడి చెయ్యీ ఆ తువ్వాల కిందికి చేర్చి, పైకి ఒక్క ముక్క మాట్లాడకుండా, వేళ్లు నొక్కి బేరం కుదిర్చేవాడు. చుట్టూ పాతికమంది నిలబడి చూసినా ఎంతకు తెగిందో ఎవరికీ అంతుపట్టేది కాదు. అలాంటివాడు ఒకరోజు బస్తాల మధ్యే గుండె పట్టుకుని కూలబడ్డాడు. పెద్దకర్మ అయిన మర్నాడు అతని భార్య తువ్వాల తెచ్చి వైకుంఠం చేతిలో పెట్టింది, "ఇంట్ల ఉంటే మనసు మనసుల ఉంటలేదు సేటూ" అంటూ. ఆ వారంలోనే తెలిసింది, ఏదైనా తోచనప్పుడు దాని కింద చెయ్యి పెడితే మల్లన్న చెయ్యి వచ్చి పట్టుకుంటుందని. బస్తా పడి వంకరపోయిన చిటికెన వేలుతో సహా అదే చెయ్యి. బజారువాళ్లు దానికేమీ ఆశ్చర్యపోలేదు. బతికుండగా ఎవరేం అడిగినా కాదనని మనిషి, పోయాక మాత్రం ఎందుకంటాడు అనుకున్నారు. మధ్యాహ్నం సేటు భోంచేసేటప్పుడు తువ్వాల మడతపెడతాడు కాబట్టి ఆ వేళకు రావొద్దని మాత్రం ఒకరికొకరు చెప్పుకున్నారు.

బజారులో అందరికీ టచ్ ఫోన్లొచ్చాక మల్లన్నకు పని పెరిగింది. దబీర్‌పురా నుంచి వచ్చి దుకాణంలో మిరపకాయల తొడిమలు తీసే స్వరూప, నెలకోసారి ఫోను తువ్వాల కింద పెట్టి గ్యాస్ బండ బుక్ చేసుకుంటుంది. మనసులో అడిగితే చాలు. ఆ చెయ్యి అడిగినవాళ్ల వేలు పట్టుకుని, ఎక్కడ నొక్కాలో అక్కడ పెట్టి గట్టిగా నొక్కిస్తుంది. ఒకసారికి ఒక్క అడుగే. రెండోది కావాలంటే మళ్లీ అడగాలి. ఉపన్యాసాలుండవు, ఇంత కూడా తెలియదా అనే చూపు ఉండదు. చచ్చేనాటికి మల్లన్న దగ్గరున్నది బొత్తాల ఫోనే. ఇవన్నీ ఎప్పుడు నేర్చుకున్నాడని ఎవరూ అడగలేదు.

వైకుంఠానికి లోకంలో నమ్మకం ఉన్నది ఆ చేతి మీద ఒక్కదాని మీదే. మిగతా అన్నిటి మీదా అనుమానమే. హోటల్లో చాయ్ తాగితే సాసరు తిప్పి అడుగు చూస్తాడు. తూకం తన కాంటా మీదే అయినా రెండోసారి వేయిస్తాడు. పెళ్లిలో మూడు ముళ్లూ వేశాక, గట్టిగా పడ్డాయో లేదోనని ఒకసారి లాగి చూశాడని ఆయన భార్య విమలాదేవి ఇప్పటికీ చుట్టాల ముందు చెప్పి నవ్విస్తుంది.

అటువంటి మనిషి ఫోనులో పోయిన దసరాకు కొడుకు నిఖిలేష్ ఒక ఆకుపచ్చ యాప్ వేసిపెట్టాడు. రైతులు తమ సరుకు ఫొటో అందులో పెడతారు. కొనదలుచుకున్న వ్యాపారి 'ఖాయం' అన్న బొత్తాం తాకితే బేరం కుదిరినట్టు. పై మూలన చిన్న ప్రశ్న గుర్తు కూడా ఉంది. ఏమీ తోచకపోతే అది నొక్కు నాన్నా, సాయం చేస్తుంది అని చెప్పి నిఖిలేష్ తన ఉద్యోగానికి తాను వెళ్లిపోయాడు.

వైకుంఠం దాన్ని ఒకే ఒక్కసారి నొక్కాడు. నొక్కగానే తెర మీద ఒక అమ్మాయి ప్రత్యక్షమై, గల్లీ అంతా మారుమోగేలా, "నమస్కారం! మీకు అర్థం కావడం లేదా? కంగారు పడకండి! మొదటినుంచి చెబుతాను!" అని మొదలుపెట్టింది. ఆపడానికి బొత్తాం దొరకలేదు. హమాలీలు బస్తాలు దించి మరీ చూశారు. పక్క దుకాణం విశాల్ సేటు తల బయటపెట్టి, "క్యా వైకుంఠం భాయ్, సమజైత లేదా?" అన్నాడు. వైకుంఠం ఫోనును ధనియాల బస్తాలో పాతిపెట్టి చెమట తుడుచుకున్నాడు. ముప్ఫైయెనిమిదేళ్ల వ్యాపారంలో ఆయన నోటి నుంచి తెలియదు అన్న మాట వెలువడలేదు. ఆ సాయంత్రమే కొడుకుతో చెప్పి ఆ యాప్‌కు గొంతే లేకుండా చేయించాడు. ఇక దాని పనులన్నీ తువ్వాల కిందే.

చిక్కు అక్కడే మొదలైంది.

ఖాయం చేసిన సరుకు రావడం మానేసింది. మొదట లారీ ఆలస్యమనుకున్నాడు. తరవాత విశాల్ మీద అనుమానపడ్డాడు, దారిలోనే బస్తాలు మళ్లించుకుంటున్నాడేమోనని రెండు రోజులు అతని గోదాము ముందు అటూ ఇటూ నడిచాడు. నిఖిలేష్ యాప్ సరిగ్గా పెట్టలేదేమోనని అనుమానపడ్డాడు. చివరికి వరంగల్ దగ్గరి మాణిక్యమ్మకు ఫోన్ చేశాడు. ఇరవయ్యేళ్లుగా ఆమె మిర్చి ఈ దుకాణానికి తప్ప ఇంకెక్కడికీ వెళ్లలేదు. ఆమె గొంతు ఎప్పటిలా లేదు.

"తీసుకుంటనంటవ్, మల్ల వద్దంటవ్. మూడుసార్లయింది అన్నా. బస్తాలు బండికెక్కించి దించుకున్న. ఊర్ల మొఖం ఎట్ల చూపియ్యాలె?"

"నేను వద్దన్ననా? ఎవడు చెప్పిండు నీకు?"

"ఫోనే చెప్పింది. వైకుంఠం ఖాయం చేసిండు అని వస్తది. గంతలనే వైకుంఠం మాట వెనకకు తీసుకున్నడు అని వస్తది. నీ పేరు పక్కన ఎర్ర గుర్తు కూడ పెట్టిన్రు. చూసుకోలేదా?"

చూసుకున్నాడు. గొంతు తీయించిన యాప్ ఇన్నాళ్లూ చప్పుడు చెయ్యలేదు గాని, తన పేరు పక్కన ఎర్రటి చుక్క ఉంది. దాని కింద నోటీసు. పదకొండుసార్లు మాట వెనక్కి తీసుకున్నారు, సంతృప్తికరమైన కారణం చూపకపోతే శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకు మీ ఖాతా మూసివేయబడును. అది చదివాక ఆయనకు అన్నం సహించలేదు. యాప్ పోతే పోయింది. ఉస్మాన్‌గంజ్‌లో వైకుంఠం మాట అంటే మాటే అని పేరు. ఆ పేరు పక్కన ఊరూరి రైతులూ చూసేలా ఎర్ర చుక్క పెట్టారు. ఇది కావాలని ఎవరో చేస్తున్న పని అని ఆయనకు రూఢి అయిపోయింది. చేస్తున్నది ఎవరో తేలాలి.

బుధవారం నాడు ఆ ఎవరో తనంతట తానే గుమ్మంలోకి వచ్చింది.

పాతికేళ్ల పిల్ల, భుజానికి సంచి, చేతిలో నోటు పుస్తకం. పేరు స్రవ్య, ఇల్లు మలక్‌పేట, పని ఆ ఆకుపచ్చ యాప్ కంపెనీలో. "అండ్ల సహాయం పేజీలు రాసేది నేనే అంకుల్" అంది, మిర్చి ఘాటుకు తుమ్ముతూ.

"గట్లనా. అంటే గల్లీల నా ఇజ్జత్ తీసింది నువ్వేనా?"

"వీడియో నాది కాదు. దాని కింద ముప్ఫైరెండు పేజీలున్నయి చూడండి, అవి నావి."

"ముప్ఫైరెండు పేజీలు ఎవడు చదువుతడు?"

"ఎవ్వరూ చదవలేదు. ఈ గల్లీల ఒక్కరు కూడ తెరవలేదు. మాకు తెలుస్తది."

వైకుంఠం కళ్లు చిన్నవయ్యాయి. తాను చదివిందీ చదవందీ వీళ్లకెలా తెలుస్తుంది? "ఇంకేమేం తెలుస్తయి మీకు?" అన్నాడు.

స్రవ్య దాచలేదు. "ఖాయం చేసుడు, వెంటనే వెనక్కి తీసుకునుడు, ఇది రాష్ట్రం మొత్తంల ఈ ఒక్క గల్లీలనే అయితుంది. వేరేవాళ్లు కొనకుండ ఆపేతందుకు మీరందరు కలిసి చేస్తున్నరని మా ఆఫీసుల అనుమానం. నాకేమో, మీకేదో సమజ్ గాక గిట్లయితుందని అనుమానం. రెండు రోజులు ఇక్కడ కూసొని చూస్త, మీరు వద్దనకుంటే."

"మాకు మీ ఆఫీసు మీద అనుమానం. అది కూడ రాసుకో" అన్నాడు వైకుంఠం. కానీ వద్దనలేదు. దొంగ బయట ఉండటం కన్నా కళ్లముందు ఉంటేనే మేలని ఆయన లెక్క.

ఆ పిల్ల పసుపు బస్తాల పక్కన స్టూలు మీద కూర్చుంది. గల్లీలో తువ్వాల సంగతి ముందే విన్నట్టుంది, దాన్ని చూసి, "మల్లన్న పొద్దుగూకేదాక ఉంటడా, మధ్యాహ్నం దాకనేనా?" అని స్వరూపను అడిగింది. సేటు తిని లేచాక మళ్లీ ఉంటాడని స్వరూప చెప్పింది. అంతకుమించి దాని మాట రాలేదు. వైకుంఠం ఫోను పట్టుకున్నప్పుడల్లా మాత్రం ఆమె పెన్ను కదిలేది. ఆయన వీపు తిప్పుకున్నాడు. బస్తాల చాటుకు వెళ్లాడు. ఆమె స్టూలు కాస్త జరుపుకునేది. నా రేట్లు రాసుకుపోయి ఎవరికో అమ్ముతుంది అనుకున్నాడు. గురువారం ఆమె చాయ్‌కి లేచినప్పుడు, ఆ పుస్తకంలో ఏముందో చూడమని స్వరూపకు కనుసైగ చేశాడు. స్వరూప చదివి పెదవి విరిచింది.

"రేట్లేం లేవు సేటూ. తువ్వాల కింద, ఆరు లెక్కపెట్టేంతసేపు అని రాసుంది. కింద మల్ల గదే, ఏడు లెక్కపెట్టేంతసేపు."

ఏం లెక్కపెడుతోంది? ఎందుకు లెక్కపెడుతోంది? దీనికన్నా రేట్లు రాసుకున్నా బాగుండేది. ఆయన తువ్వాల కింద చెయ్యి పెట్టి, మల్లన్నా, ఈ పిల్ల మంచిదా చెడ్డదా అని అడిగాడు. చెయ్యి వచ్చింది, ఆయన చేతిని పట్టుకుంది, కానీ ఏ వేలూ నొక్కలేదు. బతికుండగా కూడా మల్లన్న సరుకు గురించి తప్ప మనుషుల గురించి చెప్పేవాడు కాదు.

శుక్రవారం మూడున్నరకు స్రవ్య స్టూలు లాక్కుని గద్దె దగ్గరికి వచ్చింది. గొంతు బాగా తగ్గించింది, పక్క దుకాణానికి వినపడకుండా.

"అంకుల్, ఖాయం మీద వేలు ఎంతసేపు ఉంచుతరు?"

"నేను ఉంచుడేంది? మల్లన్న పట్టుకుంటడు. మాట ఇచ్చినట్టు గట్టిగ పట్టుకుంటడు."

"ఒక్కసారి తాకి వేలు తీస్తే ఖాయం అయితది. మూడు లెక్కపెట్టేంతసేపు తియ్యకుంటే, పొరపాటున తాకిన్రనుకొని యాప్ దాన్ని రద్దు చేస్తది. తువ్వాల కింద మీ వేలు ఆరు దాక ఉంటుంది."

ఉస్మాన్‌గంజ్‌లో తువ్వాల కింద వేలు తాకి వదిలితే, ఊరికే ఆరా తీసినట్టు. పట్టుకుని వదలకపోతేనే మాట ఇచ్చినట్టు. ఎంత గట్టిగా, ఎంతసేపు పట్టుకుంటే అంత పక్కా. ఆ సంగతి మల్లన్నే తనకు నేర్పాడు, తన మొదటి సరుకు కొన్నరోజున. ఈ పిల్ల ఇప్పుడొచ్చి, పట్టుకోవడమంటే మాట తప్పడం అంటోంది.

"అంటే మల్లన్న తప్పు చేసిండంటవా?" గొంతు లేచింది. "నలభై ఏండ్లల్ల ఒక్క బేరం చెడగొట్టనోడు నా పేరు చెడగొట్టిండంటవా? ఎవరు పంపిన్రు నిన్ను? విశాల్‌గాడా?"

"సేటూ," అంది స్వరూప తొడిమలు తీస్తూనే, "నా గ్యాస్ బుక్ చేసినప్పుడు కూడ గట్లనే వదలడు. బొటనవేలు నొస్తది."

"నువ్వు గూడ దాని దిక్కేనా?"

స్రవ్య ఫోనులో ఒక ఫారం తెరిచి చూపించింది. సరిగా తెలియక వేలు ఎక్కువసేపు ఉంచాను అని ఆయన ఒప్పుకుంటే చాలు, ఆఫీసు ఎర్ర చుక్క తీసేస్తుంది. ఐదు దాటితే ఆమె చేతిలో కూడా ఏమీ ఉండదు.

"తెల్వక అని రాయాల్నా? నేను?" అన్నాడు వైకుంఠం. గల్లీలోకి చూశాడు. విశాల్ తన గుమ్మంలో ఊరికే నిలబడ్డాడు, చెవి మాత్రం ఇటే ఉంది. "అబద్ధాలకోరు అనిపిచ్చుకుంట గని, ఏం తెల్వనోడు అనిపిచ్చుకోను. పో బిడ్డా."

ఆమె పోలేదు. స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుని, "నేను కూడ తప్పు చేసిన అంకుల్" అంది. "రెండేండ్ల కింద రాసిన పేజీలు, యాప్ మారినా మార్చలేదు. అండ్ల ఇంకా ఖాయం నొక్కి పట్టుకోండి అనే ఉంది. మీరు చదివినా గిదే అయ్యేది. మల్లన్నకు కూడ మారిందని ఎవరు చెప్పిన్రు? ఒక్కసారి నన్ను చెయ్యి పెట్టనియ్యండి."

వైకుంఠం అనుమానంగా తువ్వాల ఒక కొస తన పిడికిట్లో పట్టుకుని, ఇక పెట్టుకొమ్మన్నట్టు గడ్డం ఎగరేశాడు. స్రవ్య ఫోనుతో సహా చెయ్యి లోపలికి పోనిచ్చింది. అందరూ ఆ చేతిని అడిగేవాళ్లే. ఆమె అడగలేదు, చెప్పింది. ఎర్రగళ్ల కింద ఆమె వేలు ఒకసారి దిగి లేవడం పైకి కనిపించింది. మళ్లీ దిగి లేచింది. ఇంకో చెయ్యి దాన్ని అదిమి పట్టబోయింది. ఆమె ఓపిగ్గా విడిపించుకుని, మళ్లీ తాకి, మళ్లీ లేపింది. అలా ఎన్నిసార్లో. చివరికి తువ్వాల కదలడం ఆగింది.

"చెయ్యి పూర్తిగ తెరిచిండు అంకుల్. అరచెయ్యి పైకి పెట్టి అట్లనే ఉంచిండు. ఏంది దానర్థం?"

వైకుంఠం నమ్మలేదు. చప్పున తన చెయ్యి కూడా లోపలికి దూర్చాడు. నిజమే. మల్లన్న చెయ్యి వెల్లకిలా, ఐదు వేళ్లూ విప్పుకుని ఉంది. అరచేతిలో అదే కాయ, పక్కన అదే వంకర చిటికెన వేలు. తువ్వాల కింద అలా చెయ్యి తెరిచి పెడితే నాకు తెలియదు, నువ్వే చెప్పు అని అర్థం. అలాంటి గుర్తు ఒకటుందని మల్లన్నే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. ఈ బజారులో దాన్ని వాడినవాణ్ని నేనింతవరకు చూడలేదు సేటూ అని కూడా అన్నాడు.

చచ్చిపోయి కూడా మల్లన్న ఆ పని చేశాడు. తనకన్నా వయసులో సగం కూడా లేని పిల్ల ముందు, సిగ్గుపడకుండా చేశాడు. వైకుంఠానికి దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్ని వారాలు విశాల్‌ను అనుమానించాడు, కన్నకొడుకును అనుమానించాడు, పొద్దంతా తుమ్ముకుంటూ తన కోసం కూర్చున్న ఈ పిల్లను అనుమానించాడు. ఆ అరచేతిని ఒకసారి తన చేత్తో కప్పి, కళ్లు తుడుచుకుని, చెయ్యి బయటికి తీశాడు. తువ్వాల మీదుగా, పట్టపగలు, గల్లీ అంతా చూస్తుండగా ఆ పిల్ల ముందు అరచెయ్యి విప్పి పెట్టాడు.

"నాకు తెల్వదు బిడ్డా" అన్నాడు. "ఇన్నొద్దులు తెల్వకనే చేసిన. రాస్కో. గట్టిగనే చదువు, పర్వాలే."

విశాల్ సేటు గుమ్మం దిగి వచ్చాడు. ఎగతాళి చేస్తాడనుకుని వైకుంఠం దవడ బిగించాడు. అతను మాత్రం గద్దె మీదికి వంగి, గొంతు తగ్గించి, "నాకు కూడ ఏడుసార్లు రద్దయింది భాయ్" అన్నాడు స్రవ్యను చూస్తూ. "నా పేరు కూడ రాస్కో అమ్మా."

స్రవ్య అక్కడినుంచే ఆఫీసుకు ఫోన్ చేసి లొల్లి పెట్టుకుంది. వీడియో వద్దు, ముప్ఫైరెండు పేజీలూ వద్దు, వేలు ఎక్కడ ఆగిపోయిందో అక్కడే, ఆగిపోయినప్పుడే, చప్పుడు లేకుండా ఒక్క వాక్యం కనపడాలని పట్టుబట్టింది. అది నెల తరవాత అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఖాయం మీద వేలు ఉండిపోతే సరిగ్గా దాని పైన, 'తాకితే చాలు, వేలు తీయండి' అని చిన్న అక్షరాలు వెలుగుతాయి. పక్కవాడికి కనపడవు.

కానీ ఆ శుక్రవారం అదింకా లేదు. నాలుగూ యాభైకి ఎర్ర చుక్క మాత్రం పోయింది. వైకుంఠం మాణిక్యమ్మకు ఫోన్ చేసి, తప్పు ఫోనుది కాదు, నాదే, నొక్కుడు నాకు తెల్వకపాయె అని చెప్పాడు. "పెడ్త అన్నా, కడపటిసారి" అని ఆమె ఫోన్ పెట్టేసింది. కాసేపటికి ఆమె మిర్చి ఫొటో తెర మీదికి వచ్చింది. నాలుగోసారి.

ఆయన ఫోను తువ్వాల కింద పెట్టాడు. ఈసారి కూడా మల్లన్న పట్టుకుంటే? పాత అలవాటు ఒక్క పూటలో పోతుందా? చెయ్యి వచ్చింది, ఎప్పటిలాగే ఆయన వేలు అందుకుంది, ఖాయం మీద ఒక్కసారి ఆనించింది, వెంటనే పైకి లేపేసింది. మళ్లీ ఎక్కడ దిగుతుందోనని ఆ వేలిని గాలిలోనే అలా పట్టుకుని ఉంచింది. వైకుంఠం ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాడు. అనుమానం తీరక ఇంకో మూడు లెక్కపెట్టాడు. అప్పుడు గాని మల్లన్న వదల్లేదు.

ఫోను బయటికి తీసి చూశాడు. ఖాయం అన్న పచ్చ గుర్తు పచ్చగానే ఉంది. దాని కింద మాణిక్యమ్మ రాసింది, "బండికెక్కిస్తున్న అన్నా."